మూఢంలో రోత్ ఖాతా

మా ఆయనకి మూఢాల మీద నమ్మకం అరవై నాలుగో ఏట పుట్టింది. అంతకు ముందు లేదు. ఉంటే నన్ను చేసుకునేవారే కాదు.

నా పేరు నూకరత్నం. మాది యానాం అవతల, గోదారి సముద్రంలో కలిసేచోట వేటకెళ్లేవాళ్ల పల్లె. కాకినాడలో నర్సింగ్ చదివి, పెళ్లి చేసుకుని, హ్యూస్టన్‌లో పాతికేళ్ల పైన డ్యూటీలు చేశాను. ఆయన పేరు జానకిరామ్. ఆత్రేయపురం వైపు రైతుబిడ్డ. హ్యూస్టన్‌లోనే కిరాణా సరుకుల గోడౌన్‌లో సూపర్‌వైజరుగా చేశారు. పిల్లలు లేరు. దాని గురించి ఏడ్చే వయసు ఎప్పుడో దాటిపోయింది. తిరిగొచ్చి రెండేళ్లు కావస్తోంది. ధవళేశ్వరంలో ఫ్లాట్ కొనుక్కుని, పొద్దున్నే బ్యారేజీ దాకా నడిచి, దారిలో టీ తాగి, ఇంటికొచ్చి ఒకరినొకరు విసుక్కుంటూ సుఖంగా బతుకుతున్నాం.

అక్టోబరులో నాకు గుండెలో స్టెంట్ వేశారు. రాజమండ్రిలో, మూడు రోజుల్లో పంపేశారు. నర్సుని కదా, నేనేం బెదిరిపోలేదు. కాకపోతే ఆసుపత్రి మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నప్పుడు ఒక్క విషయం గుచ్చుకుంది. నేను పోతే ఈయనకి పన్ను కాగితాలు ఎవరు చూస్తారు?

ఆయనకి పన్ను కాగితమంటే పామును చూసినట్టే. అమెరికాలో ఉన్నన్నాళ్లూ నేనే నింపాను, ఆయన కింద సంతకం పెట్టారు. ఏప్రిల్ పదిహేను అక్కడ పన్ను కట్టే గడువు. మా పల్లెలో అదే రోజు వేట నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. నాకు ఆ తారీఖు ఎప్పుడూ గుర్తే. ఆయనకి మాత్రం ఏటా నేను గుర్తు చేయాల్సిందే.

గొడవ అర్థం కావాలంటే ఆ ఖాతాల సంగతి కాస్త చెప్పాలి. అక్కడ ఉద్యోగం చేసేవాళ్లు జీతంలో కొంత, పన్ను కట్టకుండా, ముసలితనం కోసం దాచుకోవచ్చు. దాన్ని ట్రెడిషనల్ ఖాతా అంటారు. పన్ను మాఫీ అనుకునేరు, కాదు, వాయిదా. తీసుకున్న రోజు కట్టాలి. ఇంకోటి రోత్ ఖాతా. అందులోకి వచ్చేది పన్ను తెగిన డబ్బే. ఐదేళ్లు ఆగితే చాలు, మా వయసు వాళ్లు ఎంత తీసుకున్నా, అది ఎంత పెరిగినా, పైసా అడగరు. మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి ఎంత కావాలంటే అంత మార్చుకోవచ్చు. మార్చినదంతా ఆ ఏటి ఆదాయం కింద లెక్కేసి పన్ను వేస్తారు. అంటే ఆదాయం తక్కువున్న ఏడు మార్చుకున్నవాడు తెలివైనవాడు.

మాకు రెండువేల ఇరవై అయిదు అలాంటి ఏడు. కొత్త సంవత్సరంలో ఆయనకి అమెరికా ప్రభుత్వ పింఛను మొదలవుతుంది. ఏప్రిల్ వస్తే, తిరిగొచ్చినవాళ్లకిచ్చే వెసులుబాటు తీరిపోయి, మన దేశం వాళ్లు కూడా మా అక్కడి ఆదాయం లెక్క అడుగుతారు. పైగా అక్కడ మొగుడూ పెళ్లాం కలిసి లెక్క ఇచ్చినప్పుడు ఒక రేటు, ఒక్కరే మిగిలాక ఇంకో రేటు. డబ్బు అదే, పన్ను ఎక్కువ. ట్రెడిషనల్ ఖాతాలో ఉంచేస్తే డెబ్బై అయిదు దాటాక ఏటా ఇంత తీసి తీరాలి, మరిచిపోతే జరిమానా. గ్యాస్ బుక్ చేయడం మరిచిపోయే మనిషి ఇదెక్కడ గుర్తుపెట్టుకుంటారు? అందుకని నా ఖాతాలోది ఈ ఏడే వీలైనంత రోత్‌లోకి మార్చేసి, పన్ను మన చేతులతో కట్టేసి, ఆయనకి ఏ తలనొప్పీ లేని డబ్బు మిగిల్చాలని నా పట్టుదల.

న్యూజెర్సీలో మా పన్నులు చూసే విజయ్ పాల్‌ది అమలాపురం. నవంబరులో ఫోన్ చేసి చెప్పాడు.

"అక్కా, మార్చేది ఏదైనా డిసెంబరు ముప్పై ఒకటి లోపు అయిపోవాలండి. మనవాళ్లందరూ మార్చి దాకా టైముంది అనుకుంటారు. మార్చి మన దేశం లెక్క. అక్కడ కొత్త సంవత్సరం వస్తే పాత ఏడు పోయినట్టే. ఇంకోటి, ఒకసారి మార్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. బావగారూ మీరూ బాగా ఆలోచించుకోండి."

ఫోన్ పెట్టేసి ఆయనకి చెప్పాను. ఆయన పేపరు మడిచి, కళ్లజోడు తీసి, గోడ మీద క్యాలెండరు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు.

"ఈ నెలాఖరు నుంచి శుక్రమూఢం రత్నం. ఫిబ్రవరి దాకా ఉంది. మూఢంలో కొత్త ఖాతా ఏంటి?"

నాకు ముందు నవ్వొచ్చింది. తరవాత ఒళ్లు మండింది.

"మన పెళ్లి ఎప్పుడైందండీ?"

ఆయన క్యాలెండరు వంకే చూస్తున్నారు.

"రాజమండ్రి రిజిస్ట్రారాఫీసులో, మూఢంలో. చేపలవాళ్ల పిల్లని చేసుకుంటే పురోహితుణ్ని పంపం అన్నారు మీ అమ్మగారు. మూఢమూ లేదు బూడిదా లేదు, రేపే సంతకాలు పెడదాం అన్నది ఎవరు? నేనా?"

"అప్పుడు కుర్రతనం."

"ముప్పై నాలుగేళ్లు కాపురం చేశాక ఇప్పుడు ఆ మూఢం గుర్తొచ్చిందా?"

"డబ్బు సంగతి వేరు," అని బాల్కనీలోకి వెళ్లిపోయారు.

అది నిజం కాదని నాకు తెలుసు. ఈయన మొహం చూస్తే అబద్ధం ఏదో నిజం ఏదో చంటిపిల్ల కూడా చెబుతుంది. పన్ను కట్టడానికి బ్యాంకులో విడిగా డబ్బుంది. దాని మీద ఆయనకి వేరే ఆశలేమీ లేవు. పిసినారి కూడా కాదు. మరి ఈ మూఢం ఎక్కడినుంచి ఊడిపడిందో నాకు అంతుపట్టలేదు.

డిసెంబరంతా అదే పాట. నేను ఎత్తితే ఆయన సిద్ధాంతిగారి పేరు చెప్పేవారు. సిద్ధాంతిగారిని నేనే అడుగుతానంటే ఆయన పెళ్లిళ్లకి ఊరెళ్లారనేవారు. మూఢంలో పెళ్లిళ్లెక్కడివండీ అంటే మళ్లీ బాల్కనీ. ఖాతా నా పేరు మీదే ఉంది, నేను నొక్కితే అయిపోతుంది. కానీ ఇంటి డబ్బు ఆయనకి తెలియకుండా ఎటూ కదిపి ఎరగను. అదీగాక ఆ వెబ్‌సైటులోకి వెళ్లాలంటే ఓటీపీ రావాలి. ఓటీపీ వచ్చేది మేం అట్టిపెట్టుకున్న అమెరికా నంబరుకి. ఆ సిమ్ము ఆయన ఫోన్‌లో ఉంది.

ఇరవై తొమ్మిదో తారీఖున మా అక్క అచ్చాయమ్మ వచ్చింది. నా కన్నా తొమ్మిదేళ్లు పెద్దది, ఇప్పటికీ యానాం మార్కెట్లో చేపలమ్ముతుంది. వద్దంటే వినదు. వస్తూ పీతలు తెచ్చింది. మా ఆయనకి వదినగారంటే గౌరవం, ఆవిడ ముందు మూఢం గీఢం అనరని, భోజనాల దగ్గర నేనే కావాలని కదిపాను. రోత్ గురించి అక్కకి మా పల్లె భాషలో చెప్పాను.

"పడవ ఒడ్డుకొచ్చాక ఏం చేస్తారక్కా? ముందు డీజిలూ ఐసూ తీసేస్తారు, అమ్మవారి పాలు తీస్తారు. అప్పుడు కదా పంచుతారు? పంచింది ఇంటికి తెచ్చుకున్నాక మళ్లీ ఎవరైనా వచ్చి ఇందులో నా పాలుందంటారా? రోత్ అంటే అంతే."

"పేరే రోతగా ఉందమ్మాయ్," అంది అక్క, పీత కాలు కొరుకుతూ. "కానీ పద్ధతి మంచిదే. మరి మరిదిగారు ఏమంటున్నారు?"

"మా వైపు అలా కాదు వదినా," అన్నారు ఆయన. "ధాన్యం పురి కట్టుకుని దాచుకుంటాం. అవసరం వచ్చినప్పుడు విప్పుకుంటాం. శిస్తు అడిగినప్పుడు చూసుకోవచ్చు."

"పురిలో ఎలకలు పడవా బాబూ?"

ఆయన నవ్వేశారు. నేను ఆ నవ్వు పట్టుకుని వదల్లేదు.

"ఎలకలు కాదక్కా, నేను పోయాక ఆ పురి విప్పడం ఈయనకి రాదు. ఎంత విప్పాలో, ఎప్పుడు విప్పాలో, విప్పినదానికి ఎంత కట్టాలో, ఏదీ రాదు. నేను పోయాక ఎవడో ఒకడి కాళ్లు పట్టుకోవాలి. అందుకని నేనుండగానే..."

ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. సగం అన్నం అలాగే ఉంది. పీతలకూర ఆయనకి ప్రాణం. లేచి ఫోన్ జేబులో వేసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

అక్క నా వంక చూసింది.

"ఎన్నిసార్లు అంటున్నావే ఆ మాట?"

"ఏ మాట?"

"పోయాక, పోయాక అని. ఇప్పటికి రెండుసార్లన్నావు. నేనొచ్చి గంట కాలేదు."

"ఉన్నమాటే కదక్కా. గుండెకి స్టెంట్ వేశారు, అదేమీ శాశ్వతం కాదు. ముందు జాగ్రత్త."

"నీ జాగ్రత్త తగలెయ్య," అంది అక్క. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు ముక్కోటి ఏకాదశి. ముక్కోటికి మూఢమేంటి, అంతకంటే మంచి రోజు ఎవడిస్తాడు అనుకుంటూ పొద్దున్నే లేచి స్నానం చేసి, దీపం పెట్టి, లాప్‌టాప్ తెరిచాను. ఇక్కడ తెల్లారితే అక్కడ ముందురోజు సాయంత్రం. ఇప్పుడు నొక్కితే అక్కడ ఆఫీసులు తెరిచాక ముప్పయ్యో తారీఖు లెక్కలో పడిపోతుంది. పాస్‌వర్డు కొట్టాను. మీ ఫోన్‌కి ఓటీపీ పంపాం అని వచ్చింది.

"ఏవండీ," అని పిలిచాను. పలకలేదు. వంటింట్లో లేరు, బాల్కనీలో లేరు. ఉత్తరద్వార దర్శనానికని చీకటితోనే జనార్దనస్వామి గుడికి వెళ్లిపోయారట, వాచ్‌మన్ చెప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నేను రాజుని కాదు, నర్సుని. రోగి మందు మింగనంటే వదిలేసే అలవాటు లేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని ఆటో ఎక్కాను.

గుడి కొండ మీద. మెట్ల నిండా జనం. సగం మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి పక్కగా కూర్చున్నాను. డాక్టరు మెట్లెక్కొద్దన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నన్ను నేనే తిట్టుకుంటుంటే పైనుంచి ఆయన దిగొస్తూ కనిపించారు. నన్ను చూడగానే జనాన్ని తోసుకుంటూ వచ్చేశారు.

"ఏమైంది? నొప్పా? ఎందుకొచ్చావు అసలు?"

"నొప్పి లేదు, ఆయాసమంతే. ఓటీపీ కోసం వచ్చాను."

ఆయన పక్కన కూలబడ్డారు. నా మణికట్టు పట్టుకుని నాడి చూశారు. చూడటం రాదు, ఊరికే పట్టుకున్నారు. ఎవరో తెలిసినాయన పలకరిస్తే ఆయన తలూపారు. చెయ్యి మాత్రం వదల్లేదు.

"మూఢం కాదు రత్నం," అన్నారు చివరికి.

"తెలుసు."

"నువ్వు ఆ ఖాతా మాట ఎత్తినప్పుడల్లా నేను పోయాక అంటావు. అన్నం తింటుంటే అంటావు, టీవీ చూస్తుంటే అంటావు. విజయ్ పాల్‌తో ఫోన్‌లో మాట్లాడుతూ నా పక్కనే కూర్చుని అంటావు. ఆ ఓటీపీ నీకు చెబితే నువ్వు పోవడానికి నేను సరేనన్నట్టు ఉంటుంది. నావల్ల కావట్లేదు."

ఎన్నో వందల మంది ఇళ్లవాళ్లకి ఎన్నో సంగతులు నెమ్మదిగా చెప్పాను నేను. నా ఇంటివాడి దగ్గరికొచ్చేసరికి రెండు నెలలుగా లెక్కలు వినిపిస్తున్నాను.

"చెప్పకపోతే ఉండిపోతానా?" అన్నాను.

"ఉండిపోవు."

"చెబితే పోతానా?"

"అదీ లేదు," అని ఆయన ముక్కు చీదుకున్నారు. "నాకు తెలుసులే. తెలిసినంత మాత్రాన చెయ్యి రావద్దూ?"

"సరే, ఇకమీదట ఆ మాట అనను. ఒట్టు. మందులేసుకుంటాను, మెట్లెక్కను, మీరు చెప్పినట్టు వింటాను."

"ఆఖరిది అబద్ధం," అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే దింపారు. దారిపొడవునా నాకు హాయిగా ఉంది. గొడవ తీరిపోయింది, నా పని అయిపోబోతోంది అనుకున్నాను.

ఇంటికొచ్చి, చెరో గ్లాసు పాలు తాగి, లాప్‌టాప్ ముందు పక్కపక్కన కూర్చున్నాం. మళ్లీ పంపించుకున్న ఓటీపీ ఆయనే చదివారు, ఒక్కో అంకె. లోపలికి వెళ్లాను. ఎంత మార్చాలి అని అడిగింది. తక్కువ రేటులో ఎంత పడుతుందో విజయ్ పాల్ ముందే చెప్పాడు, ఆ మొత్తం కొట్టాను. పన్ను ఇందులోంచే మినహాయించమంటారా అని అడిగింది. వద్దు, విడిగా కడతాం అని నొక్కాను. అలా మినహాయిస్తే ఆ మేరకు రోత్‌లోకి వెళ్లేది తగ్గిపోతుంది. ఇదంతా ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, జీవితంలో మొదటిసారి, శ్రద్ధగా చూస్తున్నారు. నాకు ముచ్చటేసింది.

ఆఖరి బటన్ దగ్గర ఆయన నా చెయ్యి ఆపారు.

"ఈ తక్కువ రేటు ఇద్దరికీ కలిపేనా?"

"కలిపే. మనం కలిసే కదా లెక్క ఇచ్చేది."

"అయితే నీ ఖాతాలోంచి సగమే కొట్టు. మిగతా సగం నా ఖాతాలోంచి మారుద్దాం."

ఆయనకీ ఒక ట్రెడిషనల్ ఖాతా ఉంది. గోడౌన్ వాళ్లు ఇచ్చినది, నాదానికంటే కాస్త చిన్నది. నా ఆలోచనలో అది ఎప్పుడూ లేదు.

"మీది ఎందుకండీ? మీ ఖాతా సంగతి నేను చూసుకుంటాను కదా. ఎప్పుడు తీయాలో, ఎంత కట్టాలో నాకు తెలుసు. ఇబ్బంది మీకే గానీ నాకేం ఇబ్బంది?"

"లెక్కలు నీకొచ్చు, కాదనట్లేదు. కానీ ఒక్కరే మిగిలితే రేటు ఎక్కువ అన్నావు కదా. అది నాకొక్కడికేనా?"

"కాదు, ఎవరికైనా..."

అని ఆగిపోయాను.

"మరి నేను ముందు పోతే?" అన్నారు ఆయన, మామూలుగా, పాలు విరిగాయేమో చూడు అన్నట్టు. "నీకు స్టెంట్ వేశారని నువ్వే ముందు అని రాసిపెట్టి ఉందా? నాకు అరవై నాలుగు. మా నాన్న అరవై ఆరుకి పోయారు. నీకూ తలనొప్పి లేని డబ్బు ఉండాలి కదా రత్నం."

నా ఈసీజీ నేనే చదువుకున్నాను. నా మందుల మంచీచెడూ, నా తరవాత ఎన్నేళ్లు ఆయన ఉంటారో, ఏ ఏడు ఎంత తీయాలో, అన్నీ వేశాను. ఆయన ముందు పోయే లెక్క మాత్రం ఒక్కసారి కూడా వేయలేదు. చేతగాక కాదు. పొద్దున్న లేస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉండటం, బ్యారేజీ దాకా ఒక్కదాన్నే నడవడం, టీ ఒక్కటే చెప్పడం, ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. స్టెంట్ వేసిన రోజు కూడా నాకు అంత భయం వేయలేదు. చిన్నపిల్లలా ఏడ్చేశాను.

ఆయన కంగారు పడలేదు. భుజం మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చారు.

"అలాంటి మాట ఎందుకంటారండీ?" అన్నాను, తువ్వాల్లోంచి.

"భయమేసిందా?"

"వేసింది."

"నాకు రెండు నెలలుగా అలాగే ఉంది," అన్నారు.

కళ్లు తుడుచుకుని, కొట్టిన అంకె చెరిపేసి సగం కొట్టాను. నాది అయ్యాక ఆయన ఖాతా తెరిచాను. ఇంకో ఓటీపీ వచ్చింది. దాన్నీ ఆయనే చదివారు.